మా ఆవిడ మాటలు ఎక్కడ పెట్టారండీ

మా ఆవిడ చెప్పగా ఆరేళ్లపాటు నేను రాసి పెట్టుకున్న మాటలను, నోట్సు ప్రోగ్రాము చేసినవాళ్లు నాతో ఒక్క మాటైనా అనకుండా, నాకు కనిపించని చోట దాచారు. అది తప్పు. నాకు బడిచదువు పెద్దగా లేదు, కంప్యూటర్ కూడా యాభై దాటాక నాకు నేనే నేర్చుకున్నాను. అయినా ఎవరి సొత్తు ఎక్కడ పెట్టామో వాళ్లకు చెప్పాలన్న సంగతి తెలియడానికి బడికి వెళ్లనక్కర్లేదు.

మొన్న వేసవిలో పాత కంప్యూటర్ మొరాయిస్తే, భవానీపురంలో మా వీధి చివర రిపేరు షాపతని దగ్గర దాన్ని వదిలేసి ఇంకొకటి తెచ్చుకున్నాను. పాతదాంట్లో విండోస్ ఉండేది, దీంట్లో లినక్స్ వేశాడు. నేను రాసుకునే నోట్సు ప్రోగ్రాము రెండింట్లోనూ నడుస్తుందని దాన్ని చేసినవాళ్లే గొప్పగా చెప్పుకున్నారు గనక నాకేమీ దిగులు లేకపోయింది. పైగా ఆ ప్రోగ్రాము పేరున్న ఫోల్డరు మొత్తాన్ని నా చేత్తో పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకున్నాను కూడా. తీరా కొత్తదాంట్లో తెరిస్తే తుడిచిన పలకలా ఉంది.

ఆ మాటలేమిటంటారా? మా ఆవిడది బందరు వైపు సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. పెళ్లయి బెజవాడ వచ్చి నలభై ఏళ్లయినా, మధ్యాహ్నం పూట రొయ్యలు ఒలుస్తూ కూర్చుందంటే వలలో ఏ తాడు పేరేమిటో, ఏ గాలికి ఏ చేప ఒడ్డుకొస్తుందో వాళ్ల నాన్న చెప్పినట్టే చెప్పుకుపోయేది. నేను రాస్తుంటే నవ్వేది. “ఇవి కూడా రాస్తారండీ ఎవరన్నా? చేప కనపడితే పట్టుకోవాలి గానీ, పేరు పట్టుకుని ఏం చేస్తారు” అనేది. ఇప్పుడు ఆవిడకు మరుపు వచ్చింది. వల అడుగున కట్టే తాడు పేరేమిటని మొన్న అడిగితే, “తాడేనండీ, ఇంకేమంటారు” అంది. కనుక పోయినవాటిని మళ్లీ అడిగి రాసుకునే వీలు లేదు. నా బాధంతా అది.

నా వయసువాళ్లకు చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను. ఆటోనగర్‌లో నేను పనికి కుదిరిన రోజుల్లో, లారీ షెడ్డులోకి రాగానే మా మేస్త్రి పానా పట్టనిచ్చేవాడు కాదు. ముందు క్యాబిన్‌లో డ్రైవరు సామానంతా, అంటే దేవుడి పటమో, సిలువో, తువ్వాలు, టిఫిను గిన్నె, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు, అన్నీ దించి పాత గుడ్డలో మూట కట్టి, లారీ నంబరు రాసి, గోడ మేకుకు తగిలించాలి. తగిలించి ఊరుకుంటే చాలదు, డ్రైవరును పిలిచి ఆ మేకు చూపించాలి. ఒకసారి నేను చూపించకుండా వదిలేస్తే మేస్త్రి నన్ను అందరి ముందూ నిలబెట్టి, “బండి ఓనరుది రా, మూట డ్రైవరుది. రెండూ ఒకటనుకుంటే నువ్వు ఇంటికి పో” అన్నాడు. ఆ రోజు మొహం మాడ్చుకున్నాను గానీ, ఆ తరవాత అక్కడున్న ముప్ఫై ఏళ్లలో మేకు చూపించడం మరచిపోలేదు.

నేను మొన్న చేసిన పొరపాటు సరిగ్గా అదే. బండిని ఎత్తుకొచ్చి మూట అక్కడే వదిలేశాను. ప్రోగ్రాము ఒకచోట ఉంటుందట, నేను రాసింది ఇంకొకచోట ఉంటుందట. విండోస్‌లో అయితే వాడేవాడి పేరుతో ఉన్న అరలో, మళ్లీ కంటికి కనపడకుండా దాచిన ఇంకో అరలో; లినక్స్‌లో అయితే పేరు ముందు చుక్క పెట్టిన అరలో. చుక్క పెడితే మాయమైపోతుందట. దిష్టిచుక్క పెడితే పరాయి కళ్లు పడవని విన్నాను గానీ, సొంతదారు కళ్లకే కనపడని చుక్క ఇదే చూడటం.

ప్రోగ్రాము చేసినవాళ్లకు రెండు ఉత్తరాలు రాశాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో. మొదటిదానికి యంత్రం బదులిచ్చింది. రెండోదానికి ఒక సహాయం పేజీ పంపారు. దాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు రోజులు చదివాను. ఈలోగా షాపతని దగ్గరికి పరుగెత్తి పాత డిస్కు తుడిచేశావా అని అడిగితే, “లేదు బాబాయ్ గారూ, బేరం రాలేదు, అట్టాగే పడుంది” అన్నాడు. బేరం రానందుకు అంత సంతోషించినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఇద్దరం కూర్చుని నా పేరున్న అర కోసం వెతికితే ఎక్కడా లేదు. చివరికి అతనే నాలిక కరుచుకుని, ఆరేళ్ల కిందట ఆ కంప్యూటర్ నాకు అమ్మిన రోజున వాడేవాడి పేరు దగ్గర తన షాపు పేరు టైపు చేసేశానన్నాడు. ఆరేళ్లుగా నేను అతని పేరు మీద కాపురం చేస్తున్నానన్నమాట. ఆ అరలో, దాచిన అరలో, నేను పెట్టని పేరుతో ఒక ఫైలు దొరికింది. తెరిస్తే అన్నీ డబ్బాలూ గీతలూ. మాటలో చెత్తో తెలియలేదు.

అప్పుడు కోపం వచ్చి, మూడో ఉత్తరం తెలుగులోనే రాశాను, అర్థం కాకపోతే వాళ్లూ నాలాగే వెతుక్కుంటారని. మేకు సంగతీ, మా ఆవిడ సంగతీ రాసి, ఆ ఫైలు జతచేసి, ఇది అవునో కాదో చెప్పమన్నాను.

మన రోజుల్లో వస్తువు పోతే ఇంట్లోనే ఎక్కడో ఉంటుందన్న ధీమా ఉండేది. బీరువా కింద చెయ్యి పెట్టి తడిమేవాళ్లం. ఇప్పుడు పోయిందో, ఉండి కనపడటం లేదో తెలుసుకోవడానికి కూడా ఇంకొకళ్లను అడగాలి. మనుషుల జ్ఞాపకం సంగతీ అంతేనేమో, నాకు తెలియదు. పన్నెండు రోజుల తరవాత బదులు వచ్చింది, తెలుగులోనే.

“అయ్యా, మీరు పంపిన ఫైలు అదేనండి. మీరు చెప్పమన్నారు గనక తెరిచి చూశాను. మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ చెడలేదు. తెరుచుకునేలా చేసి జతచేశాను. మొదటి మాట ‘పోటు’. ఆఖరి పేజీలో మాటేమీ లేదు, ‘ఈరోజు ఏమీ గుర్తు రాలేదంది, రేపు అడగాలి’ అని మాత్రం ఉంది. దాన్ని చెరపకుండా అలాగే ఉంచాను. ఎక్కడ పెట్టామో మీకు చూపించకపోవడం మా తప్పేనండి.”