అన్న రైలుకు అడ్డం

మా బాన్సువాడకు రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో కామారెడ్డికో నిజామాబాదుకో పోవాలి. అందుకేనేమో, అన్నకు చిన్నప్పటి నుంచీ రైళ్ల పిచ్చి. సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం పెట్టుకున్న కొత్తలో ఆన్‌లైన్‌లో ఒక రైళ్ల ఆట తెప్పించాడు. అట్ట మీద దేశపటం, ఊరికీ ఊరికీ మధ్య రంగురంగుల గళ్ల దారులు. ఆడేవాళ్లకు తలా ఒక టికెట్ రహస్యంగా వస్తుంది. అందులో రాసి ఉన్న రెండు ఊళ్లనూ కలపాలి. దారి ఏ రంగుదైతే ఆ రంగు కార్డులు కూడబెట్టి, దాని మీద మన ప్లాస్టిక్ రైలు డబ్బాలు పేర్చాలి. ఒకరు పేర్చిన దారి మరొకరికి దొరకదు. చుట్టు తిరిగి పోవాల్సిందే. ఎదుటివాళ్లు ఎటు పోతున్నారో పసిగట్టి, ముందే వెళ్లి అడ్డం కూర్చోవడంలోనే ఆటంతా ఉంది.

అడ్డం కూర్చోవడంలో నాకు పేరుంది. నలుగురిలో నాకు నోరు పెగలదు. చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి జారుకుంటాను. ఆటలో మాత్రం ఎవరి మీదా జాలి చూపను. అష్టాచెమ్మా ఆడే వయసులోనే అన్న కాయను చంపకుండా వదిలేదాన్ని కాదు. "పిల్లి లెక్క కూసుంటది, పులి లెక్క మీద వడ్తది" అని అన్న అందరికీ చెప్పి నవ్వేవాడు.

కిడ్నీలు పాడయ్యాక ఆట కూడా అన్నతో పాటు దవాఖానకు వచ్చింది. వారానికి మూడు పొద్దులు డయాలసిస్. సూదులు గుచ్చిన ఎడమ చెయ్యి కదపకూడదు. కుడి చెయ్యికి పని ఉండదు. మొదట్లో నేను పుస్తకంలోకి చూసేదాన్ని, అతను పైకప్పులోకి చూసేవాడు. ఒకరోజు ఆట పట్టుకు రమ్మన్నాడు. డబ్బాలు మిషన్ల కిందికి దొర్లితే ఊరుకోనని నర్సక్క అంటే, ఇంట్లోంచి అంచులున్న స్టీలు తాంబాళం తెచ్చి వాటిని అందులో పోశాను. రెండు మంచాల నడుమ బల్ల జరిపి అట్ట పరిచాం. పక్క మంచం మీద మద్నూరు నుంచి వచ్చే కాకా ఉండేవాడు. ఒకప్పటి లారీ డ్రైవరు. కొన్నాళ్లు చూసి చూసి తనూ చెయ్యి కలిపాడు.

"గీ రైళ్లు నాకెందుకు బేటా? నా లారీ అయితే గీ పాటికి నాగపూర్ల చాయ్ తాగి తిరిగొస్తుండె."

"ఆ లారీకి డీజిల్ నీ సూది గొట్టంల కెళ్లి పోస్తవా కాకా?" అనేవాడు అన్న. కాకా పొట్ట ఊగేలా నవ్వితే, చెయ్యి కదులుతోందని నర్సక్క కసిరేది.

ఇక అసలు సంగతి. నాన్న లేడు. నా రక్తం అన్నకు కలవదు. కిడ్నీ ఇవ్వగలిగింది అమ్మ ఒక్కతే. అన్న కూడా ఆ ఒక్క ఆశ మీదే బతుకుతున్నాడు. నీళ్లు కూడా కొలిచి తాగాల్సిన రోజులవి. ఆపరేషన్ అయినంక కడుపు నిండా నీళ్లు తాగుతానని అనేవాడు. అమ్మ పరీక్షల ఫలితాల కోసం అమ్మా నేనూ హైదరాబాద్ వెళ్లాం. అన్నకు ఆ రోజు డయాలసిస్ ఉండి రాలేదు. డాక్టరు కాగితాలు తిరగేసి, అమ్మకు షుగరుందని, ఆమె కిడ్నీ తీసుకోలేమని చెప్పాడు. ఇక చనిపోయినవాళ్ల అవయవాల కోసం జాబితాలో పేరు రాయించి ఎదురుచూడటమేనట.

తిరుగు బస్సులో అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వానికి ఇప్పుడే చెప్పకు బిడ్డా. పేరు ఎక్కినంక చెప్దాం. ఒక ఆశ పోయిందని చెప్పేటప్పుడు ఇంకోటి చేతుల ఉండాలె గద."

రిపోర్టులు ఇంకా రాలేదని అన్నకు చెప్పాం. డాక్టరు రాసిన షుగర్ గోలీలు అమ్మ అన్న కంట పడకుండా వేసుకునేది. మాట దాచడం నాకు కష్టం కాదు, నేను మాట్లాడేదే తక్కువ. కానీ ఆట ముందు కూర్చున్నాక నా చెయ్యి నా మాట వినలేదు. అన్న ఎటు పోతున్నాడో తెలుస్తూనే ఉండేది. అడ్డం పెట్టబోయి, ఊరికే ఇంకో కార్డు తీసుకునేదాన్ని. అన్న వరుసగా గెలుస్తూ వచ్చాడు.

ఒకరోజు అన్న చెన్నై నుంచి నాగపూర్ దాకా కట్టేశాడు. ఢిల్లీకి పోతున్నాడని చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. నాగపూర్ నుంచి భోపాల్‌కు ఎర్ర దారి ఒక్కటే దగ్గర. దానికి నాలుగు ఎర్ర కార్డులు కావాలి, అన్నకు ఇంకా పడినట్టు లేదు. నా చేతిలో ఉన్నాయి. నేను మళ్లీ కుప్పలోంచి కార్డు తీశాను.

కాకా దిండు మీంచి మెడ చాచి నా చేతిలోకి చూశాడు.

"అరె బాప్‌రే! గిన్ని ఎర్రవి చేతుల వెట్టుకొని ఏం జేస్తవ్ బిడ్డా, తొక్కు వెడ్తవా?"

నేను కార్డులు గుండెకు ఆనించుకున్నాను. అన్న నవ్వబోయి ఆగాడు. అట్టకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"చూపియ్యి."

"కాకా మస్కిరి చేస్తుండన్నా."

"చూపియ్యే."

చూపించలేదు. అవసరం కూడా లేకపోయింది.

"చిన్నప్పటి సంది ఒక్కసారన్న నన్ను గెలవనిచ్చినవా నువ్వు?" అన్నాడు. గొంతు పెంచలేదు. "అమ్మ రిపోర్టుల ఏమొచ్చింది?"

మిషన్ చక్రం తిరుగుతూనే ఉంది. కాకా తన కార్డులు దుప్పటి మీద బోర్లా పెట్టి, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను గుండెకు ఆనించుకున్న కార్డులు దించాను.

"షుగరుందట. తీసుకోరట."

అన్న కళ్లు మూసుకున్నాడు. కిందికి వాలిన కుడి చేతిలో కార్డులు మాత్రం జారలేదు. నేను ఏదో అనాలి. లిస్టులో పేరు రాయిస్తామని, అమ్మ తిరుగుతోందని, అదంతా కలిపి గొణిగాను. అతను విన్నాడో లేదో తెలియదు.

"పెట్టు ఎర్రవి," అన్నాడు కళ్లు తెరవకుండానే.

"వద్దన్నా. ఇగ ఆట తీసేద్దాం."

"నువ్వు గట్ల గెలిపిస్తుంటే నన్ను అప్పుడే సాగనంపుతున్నట్టుంది. పెట్టు."

పెట్టాను. నాలుగు కార్డులు కింద వేసి, నాగపూర్, భోపాల్‌ల మధ్య నా డబ్బాలు ఒక్కొక్కటే పేర్చాను. ఒకటి పక్కకు పడిపోతే, అన్నే కుడి చేత్తో దాన్ని నిలబెట్టాడు. తర్వాత రాయపూర్ మీదుగా వేలితో చుట్టుదారి వెతికాడు. తాంబాళంలో తన డబ్బాలు చూసుకున్నాడు.

"చుట్టు తిరుగుదామంటే డబ్బాలు సాలవు," అన్నాడు.

అయినా ఆట ఆపలేదు. గోడ వైపు చూస్తున్న కాకాను కూడా పిలిచి కార్డు తీయించాడు. చివరిదాకా ఆడి ఓడిపోయాడు.

సూదులు తీసి దూది అదిమి పట్టుకున్నాక, బయట బెంచీ మీద కూర్చున్న అమ్మను లోపలికి పంపారు. ఎప్పటిలాగే అన్న చెప్పులు మంచం కింది నుంచి లాగుతూ, "ఇయ్యాల గూడ నువ్వే గెలిసినవా బిడ్డా?" అంది.

"లేదమ్మా. చెల్లె గెలిసింది."

అమ్మ వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. తర్వాత నావైపు చూసింది. నేను డబ్బాలు ఏరుతున్నాను.

"పొద్దుగాల షుగర్ గోలి ఏసుకున్నవా?" అన్నాడు అన్న.

అమ్మ లేచి నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకా ఏసుకోలే," అంది.

"మరి నీళ్లు తెచ్చుకొని ఏస్కో. ఇక్కడనే ఏస్కో, నేను జూస్త."