ఉన్నది ఉన్నట్టు ఉండని కారు

మా బాబాయికి కారు కొనడం వచ్చు, తుడవడం వచ్చు, ఓ మోస్తరుగా నడపడం కూడా వచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం మాత్రం రాదు. వందమంది ఇంజనీర్లు బుర్రలు బద్దలు కొట్టుకుని చేసిన బండిని ఆయన ఒక్కడే ఇంటి ముందు పీట వేసుకు కూర్చుని మెరుగు చేసేవాడు.

వృత్తికి ఆయన గడియారాలు బాగుచేస్తాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆవగింజంత స్క్రూలను రెండు వేళ్లతో, ఊపిరి బిగబట్టి తిప్పడానికి అలవాటుపడిన మనిషి కారు బోల్టును కూడా అలాగే తిప్పేవాడు. ఇంకాస్త బిగించమంటే "పాపం, నలిగిపోతుందిరా" అనేవాడు. ఒకసారి ముచ్చటపడి కొత్త బంపరు తగిలించాడు. మొదటి స్పీడు బ్రేకరు దగ్గర బంపరు దిగిపోయింది, మేం ముందుకు వెళ్లిపోయాం. ఇంటికొచ్చి చూస్తే గిన్నెలో నాలుగు బోల్టులు మిగిలి ఉన్నాయి.

"ఇవేంటి బాబాయ్?"

"గడియారంలో ఒక్క స్క్రూ మిగిలినా తప్పేరా. కారులో నాలుగు మిగిలాయంటే బండి అంత తేలికైందన్నమాట."

"మరి బంపరు?"

ఆయన గిన్నె మీద మూత పెట్టాడు. "ఒక పాఠం వచ్చింది" అన్నాడు.

ఏ తప్పు చేసినా ఆయన నోట వచ్చేది ఆ మాటే. ఉద్యోగరీత్యా వాళ్లింట్లో ఉన్న రెండేళ్లూ ఆ కారులో ఏది నొక్కితే ఏం జరుగుతుందో నాకు అంతుపట్టలేదు. హారన్ కొడితే వైపర్లు ఆడేవి. ఎడమకు తిరుగుతున్నామని దీపం వేస్తే రేడియో వార్తలు చదివేది. ఒకరోజు గాలి కోసం కిటికీ దించబోతే వెనక డిక్కీ తెరుచుకుని, వంకాయలన్నీ రోడ్డు పాలయ్యాయి. వెనక వస్తున్నవాళ్లు ఏరి తెచ్చి ఇచ్చి, మమ్మల్ని ఒకసారి జాలిగా చూసి వెళ్లారు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, ఎందుకండీ మీకీ పని?" అనేది పిన్ని. ఆవిడ రొట్టెల దుకాణంలో రోజూ బస్తాడు పిండి పిసుకుతుంది. ఓపిక కూడా అంతే గట్టిది. అయినా వంకాయలతో అదీ అయిపోయింది. "వచ్చే ఆదివారానికి ఈ కారు కారులా ఉండాలి. లేకపోతే మా తమ్ముడికి ఇచ్చేస్తా" అని గడువు పెట్టింది.

మా ప్రహరీకి అవతల ఒక టాక్సీ డ్రైవరు ఉండేవాడు. మెట్ల మీంచి పడ్డాక అతని ఎడమకాలు మోకాలి దగ్గర మొండికేసింది. నడక కర్రతో సాగుతుంది గానీ, క్లచ్ తొక్కడం కుదరదు. ఐదు నెలలుగా టాక్సీ ముసుగు కప్పుకుని పడుకుంది. వేరే పని రాదు, ఇల్లు గడవాలి. ఇక అమ్మేద్దామని ఎవరితోనో మాట్లాడాడు. ఆ కొనుక్కునే ఆయన ఆదివారం పది గంటలకు బండి చూడ్డానికి వస్తానన్నాడు. ఈలోగా డ్రైవరు గోడ పక్కన కుర్చీ వేసుకుని బాబాయి వేషాలు చూసి నవ్వుకునేవాడు.

గడువు పెట్టాక బాబాయి దారికొస్తాడనుకున్నాం. ఆ వారం పిచ్చి ముదిరింది. గేరు రాడ్డుకు సైకిలు బ్రేకు బిగించి, దాని తీగను క్లచ్‌కు కట్టాడు. ఆపైన ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకుని, తువ్వాలుతో కట్టేసుకున్నాడు.

"కాలెందుకు కట్టుకున్నావు బాబాయ్?"

"వదిలేస్తే అలవాటు కొద్దీ కిందికి పోతోందిరా."

"అది ఉండాల్సింది అక్కడేగా!"

"నీకు అర్థం కాదులే."

నిజంగానే అర్థం కాలేదు. పిన్నికి అంతకన్నా అర్థం కాలేదు. మెదడు డాక్టరా, కాళ్ల డాక్టరా, ఎవరికి చూపించాలని నన్ను అడిగింది. ఆలోచించుకోవడానికి ఒక పూట గడువడిగాను.

సోమవారం సైకిలు తీగ పుటుక్కున తెగింది. కారు వెళ్లి మా గేటునే కుమ్మింది. బుధవారం మోటారుసైకిలు మీట పెట్టాడు, అది ఊడి చేతికొచ్చింది. శుక్రవారం పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి పొడవాటి మీట ఒకటి తెచ్చి బిగించాడు. కారు సందు చివరిదాకా వెళ్లి, తిరిగి కూడా వచ్చింది. తిరిగి రావడం మాకు కొత్త. ప్రతిసారీ "ఒక పాఠం వచ్చింది" అంటూ, విరిగిన ముక్కను పారేయకుండా దాచుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే సామాన్ల పెట్టె పట్టుకుని బాబాయి పక్కింట్లో దూరాడు. వీధి చివరి మెకానిక్కు కూడా ఆయన వెంట ఉన్నాడు. నేను వెళ్లేసరికి బాబాయి తల టాక్సీలో, కాళ్లు రోడ్డు మీద ఉన్నాయి.

"బాబాయ్! అమ్ముకుంటున్న బండినైనా వదలవా?"

లోపల్నుంచే జవాబు వచ్చింది. "కంగారు పడకురా. చేయాల్సిన తప్పులన్నీ మన బండికి చేసేశాను. దీనికి ఇంక మిగల్లేదు."

లోపలికి తొంగిచూస్తే, కాలికి బదులు చేత్తో క్లచ్ నొక్కేలా శుక్రవారం నాటి మీట బిగించి ఉంది. కట్టేసిన కాలు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. వారమంతా ఆ మడతకాలును చూసి నవ్విన నాకు సిగ్గేసింది.

అంతలో పిన్ని విసవిసా వచ్చింది. "ఏమండీ, వాళ్ల బండి మీద కూడా పడ్డారా?" అని మొదలుపెట్టి, మీటను చూసింది, డ్రైవరు కాలును చూసింది. కొంగు నడుముకు దోపుకుని అడిగింది.

"ఆ నట్లు ఎవరు బిగించారు?"

"నేనే" అన్నాడు బాబాయి.

"లేవండి."

స్పానరు లాక్కుని, పిండి పిసికే చేతులతో ఒక్కో నట్టూ కిర్రుమనేలా బిగించింది. మెకానిక్కు పట్టుకుని ఊపి, లాగి, కిందికి దూరి చూసి "ఇది కదలాలంటే బండే కదలాలి" అన్నాడు.

డ్రైవరు కూర్చున్నాడు. మీట మీద చెయ్యి వేశాడు. "అన్నా, తెగితే?"

"తెగేవన్నీ నా దగ్గర తెగాయి. పోనీ."

బండి రెండుసార్లు ఎగిరిపడింది, ఒకసారి ఆగిపోయింది. మూడోసారి మెల్లగా సందంతా తిరిగొచ్చింది. అప్పటికి కొనుక్కునే ఆయన వాకిట్లో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"అమ్మే బండి ఇదేనా?"

"అమ్మట్లేదు సార్" అన్నాడు డ్రైవరు, నవ్వాపుకోలేక. "పాపం, ఇంత దూరం వచ్చారు. ఎక్కండి, ఇంటి దగ్గర దింపుతాను."

ఆయన ఏమీ అర్థం కాక నా వైపు చూశాడు. రెండేళ్లలో మొదటిసారి నాకు అంతా అర్థమైంది. తలుపు తీసి పట్టుకున్నాను.