జనానా పర్దా వెనుక మా యారాలు

మొన్న మంగళవారం పొద్దున మా యారాలు పోయింది. మా మరిది భార్య. ముప్ఫై ఏండ్లకు పైన ఒక్క పొయ్యి మీద వండుకున్న మనుషులం. పేపర్ల ఫోటో వేయించి, కింద "శాంతస్వభావురాలు" అని రాయించిన్రు. చూడవచ్చినోళ్లు గూడ అదే మాట. ఆమె గొంతు పక్కింటికి ఎన్నడు వినబడలేదట. నేను ఏమనలేదు. నేను ఏమనకుండ ఉండుడు మా గల్లీల వింత. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

మాది పాతబస్తీల పాల వ్యాపారం. కోడలి గొంతు వాకిలి దాటొద్దని మా అత్త కానూన్. నాకు మాత్రం మాఫీ. చదువుకున్నదని గౌరవం ఇస్తున్నరని అప్పట్ల అనుకున్న; నా నోటికి భయమని తర్వాత తెలిసింది. యారాలు ఆ కానూన్‌ను మనుషుల దగ్గరనే పాటించింది. కొట్టంల బర్ల దగ్గర మస్తు మాట్లాడేది. పాలు పితుకుతూ వాటికి ఇంటి సంగతులన్నీ చెప్పేది. నా మీద చాడీలు గూడ అక్కడనే. తలుపు చాటున నిలబడి విన్న. చాలమట్టుకు నిజమే చెప్పింది.

డెబ్బైల మొదట్ల మా గల్లీ చివరి టాకీసుల ఆదివారం పొద్దటి ఆటకు ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. కథ లేదు. అయిదుగురు తెల్ల పిల్లగాండ్లు గిటార్లు మోసుకొని ఊరూరు తిరిగి పాడుతరు. ఆ తిరుగుడునే సినిమా తీసిన్రు. ఇంగ్లీషు మర్చిపోవద్దని నేను పోయిన, తోడుకు ఆమెను లాక్కపోయిన. ఆడవాళ్లకు జనానా వేరే. వెనక గేటు, మొగోళ్లకు మేం కనబడకుండ ముందట పర్దా. లైట్లు ఆరినంక ఆయా ఆ పర్దా పక్కకు గుంజేది, వెలగకముందే మళ్ల మూసేది.

నేను చెవిల పాటల అర్థం చెప్తుంటే యారాలు నా మోచెయ్యి గిచ్చింది.

"నువ్వు జర ఊకో అక్కా. ఆ పిల్లలను చూడనియ్యి."

ఆమె పాడేటోళ్లను చూస్తలేదు. వాళ్ల ముందట నిలబడి వింటున్న ఆడపిల్లలను చూస్తున్నది. వాళ్లు జుట్టు పీక్కుంటూ, ఏడుస్తూ, గొంతు చీరిపోయేటట్టు అరుస్తున్నరు.

"గింతమంది అరుస్తుంటే, గుంజుకపోతానికి ఇండ్లకెల్లి ఒక్కరన్న రాలేదేందక్కా?"

"ఎందుకొస్తరు? టికెట్ కొనుక్కొని అరుస్తున్నరు," అన్న.

"అరుపుకు టికెటా!" అని నోట్ల పాన్ అట్లనే పెట్టుకొని శాన సేపు నవ్వింది, సప్పుడు లేకుండ.

ఆ సినిమా ఏడాదికోసారి, రెండేండ్లకోసారి మళ్ల వచ్చేది. తెర మీద వాన పడ్డట్టు గీతలు, పాట మధ్యల తెగుడు. అయినా టాకీసు నిండేది. కాలేజీ పోరగాండ్లు కుర్చీలెక్కి ఎగిరేటోళ్లు. ఒకసారి ఆ పాడేటోళ్లు విడిపోయిన్రని పేపర్ల చదివి చెప్పిన.

"ఒకరి మొకం ఒకరు చూసుకుంటలేరట చెల్లె."

"ఏంది, వాళ్లు గూడ యారాండ్లేనా?" అన్నది. కొంచెం ఆగి, "వాళ్లు ఇడిపోతే మనకేంది? ఆ పిల్లలు ఇంక అరుస్తనే ఉన్నరు గద," అన్నది.

అంత పాత సినిమా అన్నేండ్లు ఎట్ల ఆడిందని ఎవరన్న అడిగితే, నా దగ్గర ఇంతకన్న మంచి జవాబు లేదు.

తర్వాత ఒక ఎండకాలం మా మరిది ఆమెను ఒక్క మాట అడగకుండ బర్లన్నిటిని అమ్మిండు. అవి గల్లీ మలుపు తిరిగేదాక యారాలు ఖాళీ బకెట్ పట్టుకొని నిలబడ్డది. మాట లేదు, కన్నీళ్లు లేవు. "కోడలంటే గిట్లుండాలె," అన్నది మా అత్త, నా దిక్కు చూసి.

ఆ నెలనే సినిమా మళ్ల వచ్చింది. ఆఖరి పాటకు తెర మీది పిల్లలందరు లేచిన్రు. నా పక్కన యారాలు లేచింది. నోరు తెరిచి అరిచింది. సగమే. మిగిలిన సగం నా అరచెయ్యితోని మూసిన. మొగోళ్ల దిక్కుకెల్లి ఎవరో "క్యా హువా?" అన్నరు. "బల్లి పడ్డది," అని నేనే జవాబిచ్చిన. నా చదువు ఆ పొద్దు అంతవరకే అక్కరకొచ్చింది.

తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఆమె రాలేదు. "చూసిన సినిమనే గదక్కా," అనేది. బర్లు లేవు, సినిమా లేదు. ఇంట్ల ఇద్దరి మాటలు నేనొక్కదాన్నే మాట్లాడిన.

పోయిన వారం దవాఖానల ఆమె నొప్పికి పండ్లు బిగపట్టుకొని పండుకుంటే నర్సు అన్నది, "నొస్తే అరువమ్మా, ఇక్కడ ఎవ్వరేమనరు." యారాలు నా దిక్కు చూసింది. నా మొకం కాదు, నా చెయ్యి. నేను రెండు చేతులు వెనక్కి పెట్టుకున్న. "అరువు చెల్లె," అని బతిలాడిన. జిందగీల ఒకరిని బతిలాడుడు నాకు అదే మొదలు. ఆమె తల అడ్డంగ ఊపింది. మంగళవారం దాక అంతే.

మా అత్త కానూన్‌ను ఇన్నేండ్లు ఎక్కిరించిన. జనానాల దాన్ని అమలు చేసింది మాత్రం నేనే. ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటే ఏమొస్తది?

ఆమె నోరు మూసిన ఆ ఆదివారం, ఆట విడిచినంక చూస్తే నా అరచేతిల పాన్ ఎరుపు ఉన్నది, ఆమె నోరు ఎంత తెరిచిందో అంత గుండ్రంగ. జనానా మూలకు నీళ్ల కుండ ఉండేది. యారాలే పోయి గ్లాసు ముంచుకొచ్చింది. నేను చెయ్యి చాపిన. ఆమె తల వంచుకొని, ఆ ఎరుపు పోయేదాక, సన్నగ నీళ్లు పోసింది.