తగ్గని పోస్టు కాపీలు

మా ప్రెస్సులో ఆయన్ని అందరూ చుట్టల బాబాయ్ అనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన జేబులో పొగచుట్టలు ఉంటాయేమోనని ఓసారి అడిగి నాలుక్కరుచుకునేవాళ్ళు. ఆయన జన్మలో పొగ తాగలేదు. మా వారపత్రికను నిలువుగా చుట్టి, గోధుమరంగు కాగితం తొడిగి, జిగురు రాసి, చిరునామా అతికించి పోస్టుకు పంపడం ఆయన పని. నేను అదే హాల్లో కోత మిషన్ మీద ఉండేవాణ్ణి. నా కత్తి కింద అంచులు తెగిన కాపీలు తిన్నగా ఆయన బల్ల మీదికి వెళ్ళేవి.

చూడ్డానికి తేలిక పనే. కూర్చుంటే తెలుస్తుంది. బిగించి చుడితే విప్పాక పత్రిక సాపుగా పడదు, చదివేవాడి చేతిలో మళ్ళీ మళ్ళీ ముడుచుకుంటుంది. వదులుగా చుడితే దారిలోనే కాగితంలోంచి జారిపోతుంది. జిగురు కాస్త ఎక్కువైతే పక్కదానికి అంటుకుని రెండూ చిరుగుతాయి. బాబాయ్ కుంచె ఒక్కసారి లాగేవాడు, అరచేత్తో ఒక్కసారి నొక్కేవాడు. ఆ చుట్టను బల్ల మీద ఎక్కడ పెడితే అక్కడే ఉండేది, దొర్లేది కాదు. ఆ బల్ల దగ్గర చాలామంది చేతులు చూశాను. దొర్లని చుట్ట ఆయనదొక్కటే.

చిరునామాలు అచ్చువేసిన చీటీలుగా వచ్చేవి. ఒక్కో చీటీ అతికిస్తూ ఆ పేరు పెదాలతో పలికేవాడు. ఏళ్ళ తరబడి అవే పేర్లు, అవే వీధులు.

"వీళ్ళంతా నా చుట్టాలేరా" అనేవాడు నాతో. "ఒక్కరి మొహమూ తెలీదు. ఒక్కరి ఇల్లూ మర్చిపోలేదు."

ఈలోగా అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఆ సంగతి నాకు ముందు నా కత్తి చెప్పింది. అదే ఎత్తు దొంతరలో ఇదివరకటి కంటే కాపీలు ఎక్కువ పట్టడం మొదలైంది. ప్రకటనలు తగ్గాయి, పేజీలు తగ్గాయి, పత్రిక సన్నబడింది. బజారుకు పంపిన కట్టలు తాడు కూడా విప్పకుండా తిరిగొచ్చేవి. వాటిని తూకానికి ఇచ్చేవాళ్ళం. అయినా బాబాయ్ బల్ల మీదికి వచ్చే చీటీల కట్ట మాత్రం ఏ వారమూ తగ్గలేదు.

ఒక రోజు కొత్త మేనేజర్ మమ్మల్నందరినీ హాల్లో నిలబెట్టాడు. ముద్రణ బయట చేయిస్తారట. మాలో చాలామంది ఇంటికి వెళ్ళాల్సిందే. రావలసిన సొమ్ము నగదుగా తీసుకోవచ్చు, లేదంటే బజారు ధరకంటే తక్కువకి కంపెనీ షేర్లుగా తీసుకోవచ్చు.

"ఇంటర్నెట్టులో కూడా మన పత్రిక మొదలవుతోంది. అది నిలదొక్కుకునేదాకా మనల్ని మోసేది పోస్టు చందాదారులే. వాళ్ళు చెక్కుచెదరలేదు" అన్నాడు. అందరూ బాబాయ్ వైపు చూశారు. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు ఆయన సిగ్గుపడిపోయాడు.

ఆ వారంలోనే బాబాయ్ వాళ్ళమ్మాయి కుట్టుమిషన్‌కి బెల్టు మార్చడానికి నేను ఆ అమ్మాయి షాపుకి వెళ్ళాను. బాబాయ్, పిన్ని కూడా అక్కడే ఉన్నారు. ఆ అమ్మాయి బట్టలు కుట్టేది ఆ అద్దెగదిలోనే. ఆ గదిని యజమాని అమ్మేస్తున్నాడు. బాబాయ్‌కి వచ్చే సొమ్ము సరిగ్గా దానికి సరిపోతుంది. షేర్లు తీసుకుంటే ఆ గది లేదు.

"డబ్బు తెస్తావా, కాగితాలు తెస్తావా?" అంది పిన్ని.

"కాగితాలు కాదే, షేర్లు."

"ఏదైనా కాగితమేగా. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ కాగితమే చుట్టావు, ఇంకా మోజు తీరలేదా?"

"నాన్నా, ఓనరు నెలాఖరు దాకా ఆగుతానన్నాడు" అంది అమ్మాయి మిషన్ మీంచి తలెత్తకుండా. "తర్వాత మందుల కొట్టాయనకి ఇచ్చేస్తాడట."

బాబాయ్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. బజారు కాపీలు పోయాయి, ఒప్పుకుంటా. ఫోన్లో చూసుకునేవాడు ఫోన్లో చూసుకుంటాడు. మరి నా పోస్టు కాపీలు? ఫోన్లొచ్చినా తగ్గలేదు. పోస్టు ఖర్చు పెరిగినా తగ్గలేదు. ఇంత గట్టిగా పట్టుకున్న మనుషులుంటే ఆ కంపెనీ ఎక్కడికి పోతుంది? ఇవాళ చవగ్గా దొరికింది రేపు నాలుగింతలు కాదూ?"

వాదన సబబుగానే ఉంది.

పిన్ని చేతిలో పని ఆపింది. "ఆ మనుషుల్లో ఒక్కరినైనా చూశావా నువ్వు?"

బాబాయ్ కింద పడ్డ గుడ్డపీలిక తీసి వేలికి చుట్టుకున్నాడు.

"పిల్ల గది పణంగా పెట్టేంత చుట్టాలు కదా. ఓసారి గడప తొక్కి చూసి రా."

సెలవురోజున మేమిద్దరం నా స్కూటర్ మీద బయల్దేరాం. ఆ వారం మా ఊళ్ళో పంచాల్సిన కాపీల్లో కొన్ని బాబాయ్ పోస్టులో వేయకుండా సంచీలో ఉంచుకున్నాడు. చేత్తో ఇచ్చినట్టూ ఉంటుంది, చూసినట్టూ ఉంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారి నేను అడగక్కర్లేకుండా వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. ఆ వీధులు ఎప్పుడూ చూడలేదు గానీ, అన్నీ నోటికొచ్చు.

మొదటిది మూడో అంతస్తులో ఇల్లు. ఒకావిడ తలుపు తీసింది. బాబాయ్ చుట్ట అందించి, "పెద్దాయన ఉన్నారా అమ్మా?" అన్నాడు.

"మావయ్యగారా? ఆయన పోయి చాలా కాలమైందండీ." చుట్ట తీసుకుని చెప్పుల బీరువా మీద పెట్టింది. అక్కడ అలాంటివే ఒక దొంతర, ఒక్కదానికీ కాగితం చిరగలేదు.

"మరి... ఆపమని రాయలేదేమమ్మా?"

"ఎవరికి రాయాలో తెలీలేదు. పైగా ఆయన ఒకేసారి కట్టేశారు కదా, జీవితాంతానికి." అనేశాక ఆవిడకే ఆ మాట వినపడ్డట్టుంది. మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

రెండో ఇల్లు రిపేరు షెడ్ల వెనక సందులో. ఒక్క గది. ముసలావిడ ఒక్కతే ఉంది. కిటికీ పక్క కుర్చీలో పోయిన వారం చుట్ట ఉంది, కుర్చీ చేతి మీద తుడిచి పెట్టిన కళ్ళజోడు. ఆవిడ పాత చుట్ట తీసి మంచం కిందికి నెట్టి, కొత్తది కుర్చీలో పెట్టింది.

"చదువుతారా అమ్మా?" అన్నాను నేను.

"నాకు చదువు రాదు నాయనా." మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఆపేస్తారా ఏంటి? ఆపకండి. పోస్టతను గుమ్మంలో నిలబడి మా ఆయన పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పేరు పిలిచే మనిషి ఇంకెవరూ లేరు."

బాబాయ్ రెండు చేతులూ జోడించి బయటికొచ్చేశాడు.

మూడో ఇంట్లో మనిషి బతికే ఉన్నాడు. మాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆయన ఫోన్లోంచి తలెత్తి, "ఇదింకా వేస్తున్నారా? ఫోన్లో ఎప్పుడో చదివేశానే" అని చుట్టతో దోమని కొట్టాడు.

నాలుగో ఇంటికి తాళం. తలుపులో ఉత్తరాల కోసం ఒక చీలిక ఉంది. పక్కింటాయన, అందులో ఎవరూ ఉండరండీ అని మాత్రం చెప్పి లోపలికెళ్ళిపోయాడు. బాబాయ్ వంగి ఆ చీలికలోంచి చూశాడు. చాలాసేపు లేవలేదు. తర్వాత నేనూ చూశాను. లోపల మసక వెలుతురు. గుమ్మం దగ్గర్నుంచి గది మధ్యదాకా చుట్టలే. అడుగునవి చెమ్మకి నల్లబడి నేలకి అంటుకుపోయాయి, పైవి కొత్తగా ఉన్నాయి. ఏది ఎక్కడ పడిందో అక్కడే ఉంది. ఒక్కటీ దొర్లలేదు. ఆయన పనితనాన్ని అంత నిండుగా నేను ఇంకెక్కడా చూడలేదు.

బాబాయ్ చేతిలో ఆ ఇంటి కాపీ ఉంది. వద్దు అందామనుకున్నాను. ఆ చెయ్యి దానంతటదే లోపలికి తోసేసింది. అది మెత్తగా పడ్డ చప్పుడు ఇద్దరికీ వినపడింది.

సంచీలో ఇంకా కాపీలున్నాయి. మేం ఇంకో ఇంటికి వెళ్ళలేదు.

మర్నాడు బల్ల దగ్గర బాబాయ్ పెదాలు కదల్లేదు. చీటీని తిరగేసి జిగురు రాసి, పేరు చూడకుండా అతికిస్తున్నాడు.

"ఏం బాబాయ్, ఇవాళ చుట్టాలతో మాటల్లేవా?" అంది జిగురు కలిపే అక్క. ఆవిడకేం తెలుసు.

ఆవిడ వెళ్ళాక నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "పేరు పలికితే పక్కన ఎవరో 'ఆఁ' అన్నట్టుంటోందిరా." నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. ఆ తర్వాత నేను మిషన్ ఆపినప్పుడల్లా ఆ హాలు నిశ్శబ్దంలో నాకూ చెవులు అటే పోయేవి.

బాబాయ్ నగదు అని రాసి ఇచ్చిన రోజు మేనేజర్ ఆయన్ని లోపలికి పిలిచాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

"మీరే ఇలా చేస్తే ఎలా బాబాయ్? మిమ్మల్ని చూసే కదా అందరూ..."

"మేం తలుపులు తట్టి చూశాం సార్. పోస్టు కాపీలు తగ్గకపోవడం మంచి కబురు కాదు. పోయినవాళ్ళు ఆపమని రాయరు."

మేనేజర్ కిటికీ వైపు చూశాడు. "తెలుసు" అన్నాడు. "ఆ పేర్లు తీసేస్తే కాపీల లెక్క పడిపోయి మిగిలిన ప్రకటనలూ పోతాయి. ఉంచితే వాళ్ళకోసం కాగితం, ముద్రణ, పోస్టు ఖర్చు, కొత్తగా చందా పైసా రాదు. ఎటూ తెగడం లేదు."

"మరి మమ్మల్ని ఎందుకు తీసుకోమంటున్నారు సార్?"

"నేనూ తీసుకున్నాను బాబాయ్. ఉన్నదంతా పెట్టాను. ఇంటర్నెట్టులో నిలదొక్కుకుంటే..." ఆ వాక్యం పూర్తిచేయలేదు.

బాబాయ్ అన్నం వేళ అందరికీ చూసింది చూసినట్టు చెప్పాడు. ఇళ్ళు చెప్పలేదు, పేర్లు చెప్పలేదు. కొందరు నగదు తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. కొందరు, ముసలాడికి చాదస్తం ముదిరిందని షేర్లే తీసుకున్నారు. కొన్నాళ్ళు ధర లేచింది కూడా. జిగురక్క అమ్మాయి షాపుకొచ్చి మరీ ఫోన్లో చూపించింది. "చూశావా బాబాయ్, నీ దెయ్యాలు లాభాలిస్తున్నాయి!" తర్వాత అది జారడం మొదలైంది. ఆవిడ రావడం మానేసింది. బాబాయ్ అప్పుడప్పుడూ ఆవిడ గురించి అడిగేవాడు.

ఆ గది వాళ్ళదైంది. అమ్మాయి కుడుతుంది, బాబాయ్ గల్లా దగ్గర కూర్చుని రసీదులు రాస్తాడు. నేను రెండో మిషన్‌కి మోటారు బిగిస్తున్న రోజున ఒకతను కోటు పట్టుకుని వచ్చాడు. నల్లది, బరువైనది, మోచేతుల దగ్గర నునుపు తేలింది.

"మా నాన్నది. నాకు సరిపోయేలా తగ్గించాలి."

"ఎవరి పేరున రాయమంటారు?"

అతను వాళ్ళ నాన్న పేరే చెప్పాడు. బాబాయ్ రాశాడు. కలం ఆగలేదు. పేరు కింద వీధి, వీధి కింద ఇల్లు రాసేశాడు.

"నేనింకా ఇల్లు చెప్పలేదండీ" అన్నాడతను.

అమ్మాయి మిషన్ ఆగిపోయింది. బాబాయ్ తను రాసిందాన్ని తనే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "పత్రికలో పనిచేసేవాణ్ణి బాబూ. మీ నాన్నగారికి చుట్టి పంపింది నేనే."

అతని మొహం విచ్చుకుంది. "ఇంకా వస్తోందండీ! నాన్న మంచం మీద పెడుతున్నాం. ఆయనకి ఆ పత్రికంటే ప్రాణం, షేర్లు కూడా కొన్నారు. అమ్మేద్దామంటే చెయ్యి రావట్లేదు. ధర పడిపోయిందనుకోండి, కానీ పోస్టులో తెప్పించుకునేవాళ్ళు అంతమంది ఉన్నారటగా. లేస్తుందంటారా?"

"మంచం మీద పెట్టింది విప్పుతున్నారా?"

"లేదండీ. అలాగే ఉంచుతాం."

బాబాయ్ కలానికి మూత పెట్టాడు. "ధరల సంగతి నాకు తెలీదు. కానీ మీరు విప్పట్లేదు. నేను చూసిన ఇళ్ళలోనూ విప్పట్లేదు. విప్పని పత్రిక మీద డబ్బు పెట్టి ఏం చేస్తారు? అమ్మేయండి. పత్రిక ఆపమని రాయడం మాత్రం మీ ఇష్టం. అది నేను చెప్పను."

అతను తల ఊపి, శనివారం వస్తానని వెళ్ళిపోయాడు. అమ్మాయి కోటుని గోడకున్న కొక్కేనికి తగిలించి టేపు తీసింది.

"భుజాల దగ్గర బాగా తీసెయ్యాలి నాన్నా. ఈయన కంటే అతను చాలా సన్నం."

"ఈయన్ని నువ్వెక్కడ చూశావే?"

"ఎక్కడేంటి, ఇదిగో" అని కోటు భుజం తట్టింది.

బాబాయ్ లేచి వెళ్ళి, తనవైపే చూస్తున్నట్టున్న ఆ కోటుని గోడవైపు తిప్పి తగిలించాడు.