సౌమ్య సంచిలో ఆధార్ జిరాక్సు

2024 వర్షాకాలం. యానాంలో మా ఇంటి ముందుగదిలో ఆదివారం మధ్యాహ్నం కథల క్లాసు జరుగుతోంది. సౌమ్య "కాకినాడ బస్టాండు" అనగానే కార్డులు కలుపుతున్న నా చేతులు ఆగిపోయాయి. మేం ఆడుతున్న కథలో కాకినాడ లేదు.

నేను పిల్లలకు కథలు రాయడం నేర్పుతాను. ముందు రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడిస్తాను. అంటే తలా ఒక పాత్ర తీసుకుని, కార్డు మీదున్న ప్రశ్నకు ఆ పాత్రగా జవాబు చెప్పాలి. అదే ఇంటికెళ్ళి కథగా రాస్తారు. మధ్యలో ఒక ఎర్ర స్టాప్ కార్డు ఉంటుంది. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఇంక ఆ విషయం అడగకూడదు, బయటా ఎత్తకూడదు. ఆ నియమం నేను పెట్టిందే.

ఆ రోజు అందరూ వరదలో మునిగిన రాజ్యం వదిలి పోతున్నవాళ్ళు. "నీ సంచిలో ఏముంది?" అన్న కార్డుకి ఒకరు కత్తి అన్నారు, ఒకరు దీపం అన్నారు. మెట్టకూరు నుంచి వచ్చే సౌమ్యది ఇంటర్ మొదటి సంవత్సరం, ఆటలో రాజకుమారి పాత్ర. తన సంచిలో ఆధార్ జిరాక్సు, టెన్త్ మార్కుల లిస్టు, రెండు జతల బట్టలు, అమ్మ పట్టీలు అంది.

"రాజకుమారికి ఆధారెందుకే?" అని పక్కపిల్ల నవ్వింది.

"ఎక్కడికెళ్ళినా అడుగుతారంట," అంది సౌమ్య.

నేనూ నవ్వాను. వివరం అంటే ఇలా ఉండాలని మిగతావాళ్ళకి చెప్పాను కూడా. కథ బాగుంటే చాలనుకునే అలవాటు, ఏం చేస్తాం.

తర్వాతి కార్డు, "నీకోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?" కాకినాడ బస్టాండులో ఒకతను, ఇంకా చూడలేదు, ఫోన్లోనే పరిచయం అంది సౌమ్య. పడవవాడి పాత్రలో నేను, ప్రయాణం ఎప్పుడమ్మా అని అడిగాను. రేపు కాలేజీ టైముకి అంది. అంటూనే ఎర్ర కార్డు మీద చెయ్యి పెట్టేసింది.

మిగతావాళ్ళని పంపేశాను.

"ముట్టుకున్నాను కదా మేడమ్," అంది.

"ముట్టుకున్నావు. అయినా అడుగుతున్నాను."

చాలాసేపు ఏడ్చి, బస్టాండు మాట నిజమేనని ఒప్పుకుంది. స్కూటీ మీద మెట్టకూరు తీసుకెళ్ళి వాళ్ళమ్మకి అంతా చెప్పాను. ఆవిడ అరవలేదు. సౌమ్య ఫోను తీసుకుని గుమ్మంలోనే కూర్చుంది. నేను లేచేటప్పుడు సౌమ్య, "ఇంక మీకెవరూ నిజం చెప్పరు మేడమ్," అంది.

ఆ పిల్ల కాకినాడ వెళ్ళలేదు. నా క్లాసుకీ మళ్ళీ రాలేదు. అతని ఫోను నంబరు మర్నాటికే మూగబోయిందట, మనిషెవరో తెలియలేదు. ఇప్పుడు క్లాసు మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎవరికైనా ప్రమాదం అనిపిస్తే స్టాప్ కార్డు చెల్లదని. అది విన్నాక పిల్లల సంచుల్లో కత్తులూ దీపాలే ఉంటున్నాయి. ఆదివారం వస్తోందంటే అలసటగా ఉంటోంది.

మెట్టకూరు వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున్న జడ వేస్తుంటే మా పెద్దమ్మాయి, నిన్న సౌమ్యక్క ఎందుకేడ్చిందమ్మా అని అడిగింది. చిన్నదీ పళ్ళు తోముకోవడం ఆపి చూసింది.

"అక్కకి ఒక మాటిచ్చి తప్పాను," అన్నాను. "ఎవరికీ చెప్పొద్దని మీరు నాతో ఒట్టేయించుకున్నా, మీకేదైనా అవుతుందనిపిస్తే మీకూ తప్పుతాను. అది తెలిసే నాకు చెప్పండి. కానీ చెప్పండి."