మందుపెట్టె తాళం

ఇరవై రెండేళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేసి నడుము పట్టేశాక, పెద్దక్కను వైద్య కళాశాలలోని బొమ్మల గదికి మార్చారు. అక్కడ మనిషంత రబ్బరు బొమ్మ ఉంది. మీట నొక్కితే మూలుగుతుంది, బిడ్డను కంటుంది, ఎర్రనీళ్లు కారుస్తుంది. ఆ నెత్తురు ఆపడం విద్యార్థులు దాని మీదే నేర్చుకోవాలి. బొమ్మ చచ్చిపోతే మళ్లీ లేపడం పెద్దక్క పని. పోయినవాళ్లను బతికించే ఉద్యోగం దొరికిందని చెల్లెలితో అని నవ్వేది.

ఒక ఏడాది ప్రొఫెసర్ ఆమెకు కాగితాల కట్టలు అప్పజెప్పాడు. బొమ్మలతో వైద్యం నేర్పడం మీద దేశదేశాల్లో వచ్చిన పరిశోధనలు అవి. ఎవరు ఏం కొలిచారో చూసి విడదీయమన్నాడు. ఆమె గచ్చు మీద కుప్పలు పోసింది. విద్యార్థికి ధైర్యం పెరిగిందా అని అడిగినవి మోకాలెత్తు లేచాయి. చెయ్యి తిరిగిందా అని చూసినవి అందులో సగం. రోగి బతికిందా అని చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. డబ్బున్న దేశమైనా లేని దేశమైనా అంతే.

మరి మన దగ్గరో? ఆ ప్రశ్న ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. పాత వార్డుకు వెళ్లి రిజిస్టర్లు తిరగేసింది. బొమ్మ వచ్చి ఆరేళ్లయింది. కాన్పయ్యాక నెత్తురు పోయి చనిపోయే తల్లులు పిసరంత కూడా తగ్గలేదు.

ఎందుకో చూద్దామని రోజూ మధ్యాహ్నం వార్డులో కూర్చోవడం మొదలుపెట్టింది. రెండో వారంలో ఒక తల్లికి నెత్తురు ఆగలేదు. బొమ్మ మీద నేర్చుకున్న చిన్న డాక్టరమ్మ కడుపు రుద్దడం దగ్గర్నుంచి అన్నీ తప్పులేకుండా చేసి, మందు కోసం చెయ్యి చాపింది. బొమ్మల గదిలో అది ట్రేలో సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ మందుపెట్టెకు తాళం. తాళంచెవి రెండంతస్తుల కింద స్టోరు గుమాస్తా దగ్గర. అతను భోజనానికి వెళ్లాడు. పెద్దక్క నడుము సంగతి మరిచిపోయి మెట్లు దిగి, అతన్ని వెతికి పట్టుకుని, పైకి వచ్చేసరికి ఆ తల్లి ముఖం మీద దుప్పటి కప్పేశారు. చిన్న డాక్టరమ్మ చెయ్యి ఇంకా చాపే ఉంది.

మర్నాడు పెద్దక్క బొమ్మల గదిలోని మందుపెట్టెకూ తాళం వేసి, చెవి కింద అంతస్తులో పెట్టింది. ఆ వారమంతా బొమ్మ చస్తూనే ఉంది. ప్రొఫెసర్ పిలిపించాడు.

"పిల్లలు బెదిరిపోతున్నారమ్మా. ఆ తాళం తీసెయ్యండి."

"వార్డులో తీయించండి సార్. ఇక్కడ నేను తీసేస్తాను."

"వార్డు నా చేతుల్లో లేదు. ఆసుపత్రి పెద్దలకు రెండుసార్లు రాశాను, జవాబు లేదు. నా చేతుల్లో ఉన్నది ఈ గదొక్కటే."

మనిషి చెడ్డవాడు కాదు. ఆమె తాళం తీసేసింది.

ఆ కాగితాల కట్టల మీద ప్రొఫెసర్ రాసిన వ్యాసం అచ్చయింది. రోగి బతికిందా అని చూసిన మూడో కుప్పకు దక్కింది ఒక్క వాక్యం: ఈ దిశలో మరింత పరిశోధన అవసరం. చివర కృతజ్ఞతల్లో పెద్దక్క పేరుంది. చెల్లెలు దాన్ని ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోయింది.

పెద్దక్క మాత్రం స్టోరు గుమాస్తాను బతిమాలి, అతను భోంచేసే గంటసేపు తాళంచెవి తను తీసుకుని వార్డులో కూర్చునేది. రిటైరయ్యేదాకా అదే పని. ఆ గంటలో ఒక్క తల్లీ పోలేదు. మొదటి ఏడాది పోయిన ఇద్దరూ పొద్దుటిపూట పోయారు, గుమాస్తా తాళంచెవితో రెండంతస్తుల కింద తన కుర్చీలో కూర్చుని ఉండగానే.