అమ్మ కుట్టని ఆఖరి వారం

పాత పుస్తకాల షాపులో ఒక నవల తెరవగానే మైదా జిగురు వాసన వచ్చింది. నా చిన్నప్పుడు అది సీరియల్‌గా వస్తుంటే, కూర్మన్నపాలెం క్వార్టర్లో అమ్మ వారపత్రికల్లోంచి ఆ కాగితాలు చింపి, కుట్టి, ఆ జిగురుతోనే అట్ట అంటించేది.

అది జమీందారు కూతురు, పడవ నడిపే కుర్రాడి కథ. అమ్మ పైకి చదువుతుంటే పక్కింటి ఆవిడ, "అంత పెద్దింటి పరువు తీసీసింది, సిగ్గు నేదు" అనేది. అమ్మ గొంతు ఇంకా పెంచేది. అమ్మది యారాడలో చేపలు పట్టే ఇల్లు. నాన్నది ఎలమంచిలి రైతు కుటుంబం. వాళ్ల పెళ్లికి రెండువైపులా ఎవరూ రాలేదు.

అమ్మ కుట్టిన బైండులో ఇద్దరూ పడవెక్కి వెళ్లిపోవడంతో కథ అయిపోయింది. వాళ్లు యారాడలోనే దిగుంటారని, అక్కడికెళ్లినప్పుడల్లా ఒడ్డంతా వెతికేదాన్ని.

షాపులోని నవలలో ఇంకో అధ్యాయం ఉంది. జమీందారు మనుషులు పడవ ముంచేశారు.

అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. "అమ్మా, ఆ సీరియల్ ఆఖరి వారం ఏటి సేసావ్?"

"కుంపట్లో ఎట్టీసి టీ కాసీసాను. జమీందారు సంపమంటే నా ఇంట్లో సంపీత్తానేటి?"

ఆ నవల కొనలేదు. వాళ్లు ఒడ్డు చేరలేదని ఎవరైనా అంటే, నా మొహం చూసి అనమనండి.